రాత్రి రెండింటికి బీపీ ఎవరు చూస్తారు?

నాయుడుపేట, సూళ్లూరుపేట, గూడూరు వైపు నుంచి కాన్పు కోసం చెన్నైకి రావాలనుకునే కుటుంబాలు నాకు ఫోన్ చేసినప్పుడు మొదట అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: “అక్కా, అక్కడ మంచి డాక్టరమ్మ ఎవరు?” పద్దెనిమిదేళ్లుగా ఈ నగరంలోని ప్రసూతి వార్డుల్లో నర్సుగా పనిచేస్తున్నాను కాబట్టి నాకు తెలిసిన పేర్లు చెబుతాను. ఆ పేర్లు మంచివే, ఆ డాక్టర్ల హస్తవాసీ మంచిదే. అయినా పేరు చెప్పిన ప్రతిసారీ వాళ్లు అడగని ఇంకో ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చి ఆగుతుంది. రాత్రి రెండు గంటలకు మీ అమ్మాయి మంచం దగ్గరికి వచ్చి బీపీ చూసేది ఎవరో కనుక్కున్నారా? ఆ వేళకు ఒక్కో నర్సు ఎంతమందిని చూసుకుంటోంది? మీ అమ్మాయి చెప్పే మాట ఆమెకు అర్థమవుతుందా?

గర్భిణికి ముంచుకొచ్చే పెద్ద ఆపదల్లో చెప్పాపెట్టకుండా వచ్చేవి తక్కువ. గుర్రపువాతం, అంటే బీపీ పెరిగి గర్భిణికి వచ్చే ఫిట్స్, వచ్చే ముందు చాలామందిలో బీపీ పెరుగుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది, తల పగిలిపోతున్నట్టు నొప్పి వస్తుంది, కళ్లు బైర్లు కమ్ముతాయి. కాన్పు తరువాత ప్రాణం మీదికి తెచ్చే రక్తస్రావం మొదలయ్యేటప్పుడు గర్భసంచి చేతికి మెత్తగా తగులుతుంది, నాడి వేగం పెరుగుతుంది. కడుపులో బిడ్డ అలసిపోతుంటే గుండె చప్పుడు లయ మారుతుంది. ఈ గుర్తులన్నీ డాక్టరు రౌండ్సుకు వచ్చిన పది నిమిషాల్లోనే కనబడాలన్న నియమమేమీ లేదు. అవి ఎక్కువగా బయటపడేది డాక్టరు వచ్చి వెళ్లాక మిగిలిన గంటల్లో, ఆ గంటల్లో మంచం దగ్గర ఉండేది నర్సు. కనిపెట్టుకుని ఉండడం అనే మన మాటలో ఉన్నదంతా ప్రసవ చికిత్సలో సగం అనీ, ఆ సగానికి మనం డబ్బూ కట్టడం లేదు, విలువా కట్టడం లేదనీ నేను నమ్ముతున్నాను. ఈ నమ్మకం పుస్తకాల నుంచి రాలేదు.

నా ఉద్యోగం మూడో ఏట, ఉత్తర చెన్నైలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జరిగినది చెబుతాను. అందులో తప్పు నాది కూడా. సూళ్లూరుపేట దగ్గరి పల్లె నుంచి వచ్చిన అమ్మాయి, తొలిచూలు, ఎనిమిదో నెల నిండబోతోంది. బీపీ 150/100 ఉందని సాయంత్రం చేర్చుకుని మాత్రలు మొదలుపెట్టారు. నాలుగు గంటలకోసారి బీపీ చూడమని కేస్‌షీట్‌లో రాసి డాక్టరు ఇంటికి వెళ్లారు. ఆ రాత్రి వార్డుకూ లేబర్ రూముకూ కలిపి మేం ఇద్దరమే నర్సులం. లేబర్ రూములో ఒక కాన్పు నడుస్తోంది, ఇంకొకామెకు నొప్పులు ఎక్కువయ్యాయి. పన్నెండు గంటల ప్రాంతంలో ఆ అమ్మాయి, పొట్ట పైభాగాన పక్కటెముకల కింద ఎవరో పట్టి బిగిస్తున్నట్టు ఉందని తల్లితో చెప్పింది. ఆ తల్లి చెన్నైలో నాలుగు రోజులుగా విని నేర్చుకున్న తమిళంలో ఆ మాటను నా తోటి నర్సుకు “నెంజెరిచ్చల్” అని చెప్పింది. తమిళంలో ఆ మాటకు గుండెల్లో మంట అని అర్థం. గుండెల్లో మంటకు ఇచ్చే ఇంజెక్షనే ఇచ్చారు. ఒంటిగంటకు ఆ నర్సు లేబర్ రూములోకి వెళ్తూ వార్డును నాకు అప్పగించినప్పుడు, “మూడో బెడ్, గ్యాస్ ట్రబుల్, ఇంజెక్షన్ పడింది” అని చెప్పింది. నేను తెలుగుదాన్ని. ఆ అమ్మాయి మంచం నాకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. దగ్గరికి వెళ్లి “ఎక్కడమ్మా నొప్పి, చెయ్యి పెట్టి చూపించు” అని మన భాషలో ఒక్క మాట అడిగి ఉంటే, ఆమె చెయ్యి తిన్నగా కుడివైపు పక్కటెముకల కిందికి వెళ్లి ఉండేది. బీపీ ఉన్న గర్భిణికి అక్కడ నొప్పి వచ్చిందంటే కాలేయం దెబ్బతింటోందనీ, ఫిట్స్ ముంచుకురావచ్చనీ నేను చదువుకున్నదాన్నే. అడగలేదు. లోపలి నుంచి పిలుపు వస్తే మళ్లీ లేబర్ రూములోకి పరుగెత్తాను.

రెండు గంటల నలభై నిమిషాలకు ఆ తల్లి కేక వినబడింది. నేను వెళ్లేసరికి మంచం ఇనుప ఊచలు కొట్టుకుంటున్న చప్పుడు, బిగుసుకుపోయిన పిడికిళ్లు, నీలంగా మారుతున్న పెదవులు. పక్కకు తిప్పి, నోటి నుంచి నురగ తీసి, ఆక్సిజన్ పెట్టి, బీపీ చూస్తే 190/120. కేస్‌షీట్ తెరిస్తే బీపీ గడుల్లో చివరి అంకె రాత్రి పది గంటలది. రెండు గంటల గడి ఖాళీగా ఉంది. తెల్లవారేలోగా ఆపరేషన్ చేశారు. ఆ అమ్మాయి ఆరు రోజులు ఐసీయూలో ఉండి బతికి బయటపడింది. బిడ్డ మూడో రోజు పోయాడు. తరువాత జరిగిన చర్చలో డాక్టరు ఎంతసేపట్లో వచ్చారు, ఏ మందు ఎంత ఇచ్చారు అన్నవన్నీ వచ్చాయి. ఆ ఖాళీ గడి మాట ఎవరూ ఎత్తలేదు, ఇద్దరు నర్సులతో ఆ రాత్రి ఎలా గడిచిందని కూడా ఎవరూ అడగలేదు.

మన ఆడవాళ్లు ఆసుపత్రికి రావడం లేదు కాబట్టి చనిపోతున్నారని చెప్పుకున్న కాలం ఒకటి ఉండేది. ఇప్పుడు ఆ మాట మన ప్రాంతాలకు వర్తించదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాడులో 99.6 శాతం, తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశం మొత్తం మీద 97 ఉంటే, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45, తమిళనాడులో 54. దేశంతో పోల్చుకుంటే ఇది ఎంతో మేలు, దీని వెనుక ఎందరో ఊరి నర్సుల, ఆశా కార్యకర్తల, ప్రభుత్వ డాక్టర్ల కష్టం ఉంది. అదే కేరళలో ఆ సంఖ్య 19. గడప దాటించి తల్లిని ఆసుపత్రికి చేర్చే పని మనం చాలావరకు పూర్తి చేశాం. ఇక మిగిలిన మరణాలను తగ్గించాలంటే ఆసుపత్రి లోపల, మంచం పక్కన ఏం జరుగుతోందో చూడాలి.

గుర్రపువాతం విషయంలో ఈ నగరానికి పెద్ద చరిత్రే ఉంది. ఎగ్మూరులోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి 1844లో మొదలైంది. అక్కడ పనిచేసిన డాక్టర్ కృష్ణ మీనన్ గుర్రపువాతానికి మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్సను రూపొందించి 1961లో ప్రచురించారు, ఆ పద్ధతిని దేశంలో ఎన్నో ఆసుపత్రులు దశాబ్దాల పాటు పాటించాయి. 1995లో పలు దేశాల్లో 1,687 మంది స్త్రీల మీద జరిగిన పరీక్ష, మెగ్నీషియం సల్ఫేట్ అనే మందు ఇస్తే ఫిట్స్ తిరగబెట్టడం డయాజిపామ్ అనే మందు కంటే 52 శాతం, ఫెనిటాయిన్ అనే మందు కంటే 67 శాతం తగ్గుతుందని తేల్చింది. 2002లో పది వేల మందికి పైగా గర్భిణులతో జరిగిన మరో పెద్ద పరీక్షలో, బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోతున్నవారికి ఆ మందు ముందే ఇస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం సగానికి పైగా తగ్గింది. చవకైన మందు, చిన్న ఆసుపత్రిలో కూడా దొరికే మందు. దాని గురించి మాట్లాడేవారందరూ ఇక్కడితో ఆగిపోతారు, మా పని మాత్రం ఇక్కడే మొదలవుతుంది.

ఎందుకంటే మెగ్నీషియం ఇచ్చి వదిలేసే మందు కాదు. ప్రిచర్డ్ అనే డాక్టరు చెప్పిన పద్ధతిలో మొదటి మోతాదు 14 గ్రాములు. ఆంప్యూల్ అనే చిన్న గాజు సీసా ఒక్కోదానిలో ఒక గ్రాము మందు ఉంటుంది కాబట్టి, అర్ధరాత్రి కంగారులో చేతులు వణకకుండా 14 ఆంప్యూళ్ల మెడలు విరవాలి. అందులో నాలుగు గ్రాములను పలచబరిచి నరంలోకి నెమ్మదిగా ఎక్కించాలి, మిగిలిన పదింటిని ఐదేసి గ్రాముల చొప్పున రెండు పిరుదుల్లోకి లోతుగా ఇవ్వాలి. ఆ ఇంజెక్షన్ ఎంత నొప్పి పుడుతుందంటే సగం స్పృహలో ఉన్న మనిషి కూడా మూలుగుతుంది. ఆ తరువాత నాలుగు గంటలకోసారి ఐదేసి గ్రాములు, కాన్పు అయిన దగ్గర నుంచి గానీ చివరి ఫిట్ వచ్చిన దగ్గర నుంచి గానీ, ఏది తరువాత అయితే అక్కడి నుంచి, 24 గంటల పాటు. ప్రతి మోతాదుకు ముందు మూడు సంగతులు చూడాలి. మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో తట్టితే కాలు ఎగరాలి. ఊపిరి నిమిషానికి 16 సార్లకు తగ్గకూడదు. మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకుండా వస్తుండాలి. మందు ఒంట్లో ఎక్కువైతే మొదట పోయేది మోకాలి కదలిక, ఆపైన ఆగేది ఊపిరి. అందుకే విరుగుడుగా పనిచేసే కాల్షియం గ్లూకోనేట్ ఆంప్యూల్‌ను మంచం పక్క ట్రేలో సిద్ధంగా ఉంచుకుంటాం. ఊపిరి లెక్కపెట్టడమంటే ఆమె రొమ్ము మీద చెయ్యి ఆనించి, గడియారం ముల్లు చూస్తూ పూర్తిగా ఒక నిమిషం కదలకుండా నిలబడడం. పదిహేను మందిని చూసుకునే నర్సుకు ఆ నిమిషం ఎక్కడి నుంచి వస్తుంది? “ఊపిరి 18” అని చూడకుండానే రాసిన కేస్‌షీట్లు నేను చూశాను. ఆ అంకె రాసిన పిల్ల సోమరి కాదు, ఆ రాత్రి ఆమెకు రెండే చేతులు ఉన్నాయి.

నర్సుల తరఫున మాట్లాడుతున్నాను కాబట్టి మా వైపు తప్పును కూడా దాచకుండా చెప్పాలి. లేబర్ రూముల్లో అరుపులు ఉన్నాయి. “అంత నొప్పి ఓర్చుకోలేనిదానివి ఎందుకు తెచ్చుకున్నావు” అనే మాట, అంతకంటే నీచమైన మాటలు, తొడ మీద దెబ్బ, ఇవన్నీ ఉన్నాయి. వీటిని చూసి మర్యాద లేదని బాధపడతారు, ఆ బాధ న్యాయమైనదే. నాకు అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. నొప్పి అని మొదటిసారి చెప్పినప్పుడు తిట్లు తిన్న మనిషి, తలనొప్పి అని రెండోసారి చెప్పదు. కళ్ల ముందు మిణుగురులు కనబడుతున్నాయని చెప్పదు. కింద తడిగా, వెచ్చగా ఏదో పోతోందని చెప్పదు, అది రక్తమైనా సరే, పక్క మీదే పోసుకున్నానంటారేమో అని సిగ్గుపడి నోరు మూసుకుంటుంది. మా పనికి కావలసిన మొదటి పరికరం ఆమె నోటి మాట. దాన్ని మా నోటితో మేమే నొక్కేస్తున్నాం. నేను వార్డు ఇన్‌ఛార్జి అయ్యాక అరిచిన పిల్లలను ఇదే మాట చెప్పి మందలిస్తాను, దయ చూపమని చెప్పినప్పుడు కంటే ఈ మాట చెప్పినప్పుడు వాళ్లు ఎక్కువ వింటారు.

ఆడవాళ్ల మాట వినబడాలన్న పట్టుదలతోనే ఈ నగరంలో ఒక ఆసుపత్రి వెలిసింది. 1875లో మద్రాసు వైద్య కళాశాలలో చేరిన మొదటి నలుగురు స్త్రీలలో మేరీ షార్లీబ్ ఒకరు. పరపురుషుడి ముందుకు రాలేక, తమ బాధ చెప్పుకోలేక కాన్పుల్లో నలిగిపోతున్న ఇక్కడి స్త్రీలను చూసి వైద్యం చదివారామె. ఆమె పూనికతో 1885లో మొదలైన గోషా ఆసుపత్రే ఇప్పుడు ట్రిప్లికేన్‌లోని కస్తూర్బా గాంధీ ఆసుపత్రి. నాటి గోషా పోయింది, వైద్యుల్లో సగం మంది స్త్రీలే అనిపించే రోజులు వచ్చాయి. అయినా రాయలసీమ నుంచో నెల్లూరు పల్లెల నుంచో వచ్చిన మనిషికీ, తమిళమో మలయాళమో మాట్లాడే నర్సుకూ మధ్య భాష గోషాలాగే నిలబడుతోంది. “బైర్లు కమ్ముతున్నాయి” అన్న మాటను తమిళంలోకి ఎలా మారుస్తారు? మయక్కం అంటారు. మయక్కం అంటే కళ్లు తిరగడం, నీరసానికి గ్లూకోజ్ పెడతారు. ఎదుట కనబడేది మసకబారుతోందన్న అసలు సంగతి దారిలో జారిపోతుంది. నా తోటి తమిళ నర్సులకు నేను నేర్పిన తెలుగు మాటలు పాతికకు మించవు: తలనొప్పి, మసక, పొట్ట పైన, ఉమ్మనీరు, బిడ్డ కదలిక. ఈ పాతిక మాటలు నేర్చుకోవడానికి వాళ్లకు ఒక మధ్యాహ్నం పట్టింది.

భాష తెలిసిన మనిషిని పక్కన ఉండనివ్వడం ఇంకా సులువైన మార్గం. తమిళనాడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు వేళ తోడుగా ఒక ఆడమనిషిని అనుమతించే పద్ధతి 2004లోనే వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన కాన్పు పర్యవేక్షణ చార్టులో బిడ్డ గుండె చప్పుడు, తల్లి బీపీ గడుల కంటే పైన ఉన్న మొదటి గడి, పక్కన తోడు ఉన్నారా అన్నదే. అయినా చాలా ప్రైవేటు ఆసుపత్రుల్లో తల్లిని, అత్తను లేబర్ రూము తలుపు బయటి కుర్చీల్లోనే కూర్చోబెడతారు. స్థలం లేదంటారు, ఇన్ఫెక్షన్ అంటారు. ఒక గౌను, ఒక జత చెప్పులు, చేతులు కడుక్కోవడానికి సబ్బు ఇస్తే తీరిపోయే ఇబ్బంది అది.

కాన్పు అయ్యాక మొదటి రెండు గంటలు నాకు అన్నిటికంటే భయం వేసే గంటలు. బిడ్డ ఏడ్చింది, మగబిడ్డో ఆడబిడ్డో తెలిసింది, బయట స్వీట్ల డబ్బా తెరిచారు, అందరి కళ్లూ బిడ్డ మీదికి మళ్లాయి. తల్లి మీద దుప్పటి కప్పి ఉంది. ఆ దుప్పటి కింద నిశ్శబ్దంగా అర లీటరు, ముప్పావు లీటరు పోతుంది. పరుపూ పాత గుడ్డలూ పీల్చుకున్న రక్తాన్ని కంటితో అంచనా వేస్తే ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా తక్కువే చెబుతారు. అందుకే పావుగంటకోసారి పొట్ట మీద చెయ్యి పెట్టి చూడాలి. బొడ్డు దగ్గర గర్భసంచి పచ్చి కొబ్బరికాయలా గట్టిగా తగిలితే సరే. పిండిముద్దలా మెత్తగా జారితే అప్పటికప్పుడు మర్దన చేయాలి, మూత్రసంచి నిండి ఉందేమో చూసి ఖాళీ చేయాలి, ఎందుకంటే నిండిన మూత్రసంచి గర్భసంచిని పైకి నెట్టి ముడుచుకోనివ్వదు. ఆ పనికి చెయ్యి కావాలి, ఆ చేతికి అనుభవం కావాలి, అనుభవం ఉన్న ఆ చెయ్యి పావుగంటకోసారి అదే మంచం దగ్గరికి రావాలి.

ఇది నా చాదస్తం అనుకునేవారికి రెండు పరీక్షల సంగతి చెప్పాలి. మన పక్కనే కర్ణాటకలోని బెళగావి పల్లెల్లో 1,620 మంది స్త్రీలతో జరిగి 2006లో ప్రచురితమైన పరీక్షలో, కాన్పు చేసిన ఏఎన్ఎంలు మిసోప్రోస్టాల్ మాత్రలు ఇవ్వడం వల్ల అధిక రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి తగ్గింది. డాక్టర్లు లేని చోట జరిగిన పని అది. 2023లో కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాల్లోని 80 ఆసుపత్రుల్లో జరిగిన ఇంకో పరీక్షలో కొత్త మందంటూ ఏదీ లేదు. రక్తం ఎంత పోయిందో కొలతలు చూపించే ప్లాస్టిక్ సంచిని తల్లి కింద పెట్టారు. పరిమితి దాటగానే మర్దన, ఆక్సిటోసిన్, ట్రానెగ్జామిక్ ఆమ్లం, సెలైన్, కారణం వెదకడం, ఇవన్నీ ఒకదాని తరువాత ఒకటి కాకుండా ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దాని కోసం పొట్ట కోయవలసి రావడం, దానివల్ల మరణం, ఈ మూడూ కలిపి చూస్తే ప్రమాదం 60 శాతం తగ్గింది. ఆ మందులన్నీ అంతకు ముందు కూడా అలమరాల్లో ఉన్నవే. కొలిచి చూసే కన్ను, వెంటనే కదిలే చెయ్యి కొత్తగా చేరాయి.

మరి డాక్టరు అవసరం లేదా అని నన్ను అడిగినవారు ఉన్నారు. మాయ ముందే విడిపోయి లోపల రక్తం గడ్డకట్టినప్పుడు, బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, బీపీ దేనికీ లొంగనప్పుడు ఆపరేషన్ ఒక్కటే దారి, ఆ చెయ్యికి నేను దణ్ణం పెడతాను. అయితే ఆ డాక్టరుకు సరైన వేళకు ఫోన్ వెళ్లాలి కదా, ఆ ఫోన్ చేసేది ఎవరు? ఇంకో సంగతి కూడా ఉంది. పైన చెప్పిన సర్వేలోనే సిజేరియన్ కాన్పులు దేశంలో 21.5 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తమిళనాడులో 44.9, తెలంగాణలో ఏకంగా 60.7 శాతం. దీనికి డబ్బాశ ఒక్కటే కారణమని నేను అనుకోను. ముహూర్తాలు పెట్టించుకునే కుటుంబాలూ ఉన్నాయి, నొప్పులంటే భయపడే అమ్మాయిలూ ఉన్నారు. అయితే రాత్రంతా పక్కన కనిపెట్టుకుని ఉండే మనిషి లేని చోట కత్తే ధైర్యాన్నిస్తుంది. పన్నెండు గంటల కాన్పుకు ఓపిక ఉన్న నర్సులు ముగ్గురు మారాలి, ఆపరేషన్ గంటలో అయిపోతుంది. కేంద్ర ప్రభుత్వం 2018లో ప్రసూతి నర్సింగ్ సేవలకు మార్గదర్శకాలు తెచ్చి, నర్సులకు 18 నెలల ప్రత్యేక శిక్షణ ఇచ్చి మామూలు కాన్పులు వాళ్ల చేతికే అప్పగించాలని చెప్పింది. మన రాష్ట్రాల్లో తెలంగాణ ఆ దారిలో అంతకు ముందే అడుగు వేసింది. ఆ శిక్షణ పొందిన నర్సులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ కనబడే రోజు కోసం నేను ఎదురుచూస్తున్నాను.

జీతాల మాట ఎత్తకుండా ఇదంతా మాట్లాడడం అన్యాయం. సుప్రీంకోర్టు ఆదేశం మీద కేంద్రం వేసిన కమిటీ 2016లో, 50 పడకలు లేని చిన్న ఆసుపత్రిలో కూడా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. అది దక్కని పిల్లలను నేను ఇప్పటికీ చూస్తున్నాను. మూడేళ్లు పనిచేసి, గర్భసంచి మెత్తదనం చేతికి తెలియడం మొదలైన సరిగ్గా ఆ రోజుల్లో, వాళ్లు గల్ఫ్‌కో ఇంగ్లండ్‌కో పరీక్ష రాసి వెళ్లిపోతారు. వాళ్లను తప్పుపట్టలేను, ఇంటి అప్పులు వాళ్లకు తెలుసు. వాళ్ల జాగాలోకి నిన్న కాలేజీ నుంచి వచ్చిన పిల్ల వస్తుంది, ఆమెను మొదటి నెలలోనే రాత్రి డ్యూటీలో వేస్తారు.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసినది పుట్టింటి కాన్పు గురించి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మన ఆచారం, అందులో ఉన్న ఆప్యాయతను నేను కాదనను. అయితే గుర్రపువాతం ఎక్కువగా వచ్చేది తొలిచూలులోనే, అదీ చివరి నెలల్లో. అంటే ఏ నెలల్లో ఒకే కన్ను ఆమెను విడవకుండా చూడాలో, ఆ నెలల్లోనే ఆమె చూసేవాళ్లను మారుస్తోంది. చెన్నైలో ఏడు నెలలు చూపించుకున్న అమ్మాయి సీమంతం అయ్యాక గూడూరు వెళ్తుంది, గూడూరులో చూపించుకున్న అమ్మాయి పెద్ద ఆసుపత్రి అని చెన్నైకి వస్తుంది. రాష్ట్రం మారుతుంది, కార్డు మారుతుంది. ఇక్కడి ఊరి నర్సు రాసుకున్న గర్భిణి నమోదు నంబరు అక్కడి ఏఎన్ఎంకు తెలియదు. నాలుగో నెలలో బీపీ 100/60 ఉండేదని తెలిసిన నర్సు 130/86 చూస్తే కనుబొమలు ముడిచి, రేపు మళ్లీ రమ్మంటుంది. అదే అంకెను మొదటిసారి చూసిన నర్సు 140/90 దాటలేదు కదా అని పంపేస్తుంది. నేను ప్రతి అమ్మాయికీ చెబుతాను: చీర మరిచిపోయినా ఫర్వాలేదు, మొదటి నెల నుంచి ఉన్న బీపీ కాగితాలన్నీ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకో, వెళ్లిన చోట నర్సు చేతికి అవి ఇచ్చాకే కూర్చో.

కాన్పుతో గండం గడిచిందనుకోవడం ఇంకో పొరపాటు. బీపీ చాలామందిలో కాన్పు అయిన మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య ఎక్కువగా పెరుగుతుంది, ఫిట్స్ అప్పుడు కూడా రావచ్చు. ఆ రోజుల్లో బాలింత ఆసుపత్రిలో ఉండదు, పుట్టింట్లో చెవుల్లో దూది పెట్టుకుని, తలకు గుడ్డ బిగించుకుని మంచం మీద ఉంటుంది. తల నొప్పి అంటే చల్లగాలి తగిలిందంటారు, గుడ్డ ఇంకా గట్టిగా బిగిస్తారు. ముఖం ఉబ్బితే బాలింత నీరు అంటారు, ఫిట్స్ వస్తే గాలి సోకిందనే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పెద్దవాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసింది డిశ్చార్జి రోజున మేమే. ఆ రోజు ఆసుపత్రిలో బిల్లు, ఇన్సూరెన్సు, ఆటో, బిడ్డ టీకా కార్డు, ఇన్ని హడావుడులు ఉంటాయి, నర్సు చేతిలో ఉన్నది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో నేను బాలింతతో కాకుండా ఆమె తల్లితో మాట్లాడతాను, ఎందుకంటే గుడ్డ బిగించేది ఆవిడ.

కిందటి ఏడాది కాన్పుకు ముందు బీపీ వచ్చిన ఒక అమ్మాయిని నాలుగో రోజున నాయుడుపేటకు పంపేటప్పుడు, బీపీ మెషీన్ కొనుక్కోమని చెప్పి, దాన్ని ఎలా పెట్టాలో తల్లి చేత మూడుసార్లు చేయించాను. ఆమెకు చదువు అంతగా రాదు, అంకెలు వచ్చు. పొద్దున, సాయంత్రం చూసి తారీఖు కాగితం మీద రాయండి, పైన అంకె 150 గానీ కింద అంకె 100 గానీ తాకితే నాకు ఫోన్ చేయండి అన్నాను. ఏడో రోజు రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ వచ్చింది. “సిస్టరమ్మా, మెషీను 164 చూపిస్తా ఉంది, కింద 108. పాప తలనొప్పి అంటోంది. మా అత్త చల్లగాలి అంటోంది, ఏం చెయ్యమంటావు?” ఇప్పుడే కారు మాట్లాడుకుని నెల్లూరు వెళ్లండి, చేరగానే నాకు ఫోన్ చేసి ఆసుపత్రి వాళ్లకు ఇవ్వండి అన్నాను. పదకొండు దాటాక అక్కడి డ్యూటీ నర్సుతో మాట్లాడాను. తెలుగులో, ముందు నుంచి ఉన్న బీపీ అంకెలన్నీ వరసగా చెప్పాను. ఆమె రాసుకుంటున్న చప్పుడు వినబడింది. అప్పటికే మెగ్నీషియం మొదలుపెట్టారు, ఫిట్స్ రాలేదు.

పదిరోజుల తరువాత ఆ తల్లి నాకు వాట్సాప్‌లో ఫొటోలు పంపింది. గోడ కేలండరు నుంచి చింపిన తారీఖు కాగితాలు, ఒక్కోదాని వెనుక పెన్సిలుతో వంకరగా రాసిన రెండేసి అంకెలు. మొదటి దాని మీద 164/108 చుట్టూ సున్నా చుట్టి ఉంది. తరువాతవి 148/96, 140/90, 136/88. చివరి కాగితం మీద 122/78, దాని కింద ఆ రోజు బిడ్డ బరువు కూడా రాసింది.